డెబ్భై అయిదులో రాని కరువు

నరసరావుపేట,
20 మే 1986.

చిరంజీవి సయీదాకు,

లక్ష్మక్క దీవెనలు. ఈ ఎండల్లో రంజాన్ రోజాలు ఎలా ఉంటున్నావే? నిన్న రేడియోలో రెంటచింతల ఎండ గురించి చెబుతుంటే అక్కడ అత్తారింట్లో ఉన్న మీ పెద్దపిల్ల షాహిదా గుర్తొచ్చింది. కొత్త కాపురం, పైగా రేకుల ఇల్లు. మధ్యాహ్నాలు తడిగుడ్డ నెత్తిన వేసుకోమని రాయి.

మా ఇంట్లో ఎండను మించిన గోల మీ బావగారిది. జూన్ అయిదున పర్యావరణ దినమట. ఆ సాయంత్రం లైబ్రరీలో చర్చ పెట్టారు. "ప్రపంచం నాశనమవుతుందన్న జోస్యాలు ఎందుకు తప్పాయి?" అన్నది విషయం. అవన్నీ వట్టి కోతలని రిటైరైన హెడ్మాస్టరు గోపాలకృష్ణయ్యగారు మాట్లాడతారు. కాదని మీ బావగారు మాట్లాడతారు. ఇంకేం, పుస్తకాల షాపు మధ్యాహ్నాలు మూసేసి, అటక మీది ఇంగ్లీషు పత్రికలన్నీ కిందికి దించారు. మా అత్తయ్య రామాయమ్మగారు ఊరుకుంటుందా? "లోకం మునిగే సంగతి తర్వాత చూద్దువు గానీ, ముందు నా మంచం మీద నుంచి ఈ చెత్త తియ్యరా" అని ఒకటే పోరు.

మనం పక్కపక్క ఇళ్ళలో ఉన్న రోజులు గుర్తున్నాయా? నీకు నెల తప్పిందని తెలిసినప్పుడల్లా ఈయన గోడ మీద నుంచి, "మళ్ళీనా సయీదా? డెబ్భై అయిదుకల్లా దేశంలో గింజ దొరకదు. వీళ్ళకేం పెడతావు?" అనేవారు. నువ్వు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేదానివి. నాకు మాత్రం ఎక్కడో గుచ్చుకునేది. పోనీలే, నా నుదుట బిడ్డల్ని రాయలేదు. అత్తయ్య ఎంత పోరినా రెండో పెళ్ళికి ఒప్పుకోకుండా నన్నే నిలబెట్టుకున్నారు. ఈ జన్మకి ఆ గౌరవం చాలు.

ఈసారి నేనూ ఆ చర్చ వినడానికి వెళదామనుకుంటున్నాను. పక్కింటి సుందరి తోడు వస్తానంది. ఆయనకు చెప్పలేదు. నేను ఎదురుగా ఉంటే మాట తడబడుతుందంటారు. ఆడవాళ్ళ బెంచీల్లో వెనకెక్కడో కూర్చుంటాం. నువ్వూ, మా మరిది హబీబూ వస్తే ఎంత బాగుంటుంది!

మీ అక్క,
వెంకటలక్ష్మి

~

మాచర్ల,
27 మే 1986.

లక్ష్మక్కకి,

సయీదా సలాములు. రోజాలు బాగానే జరుగుతున్నాయి. మధ్యాహ్నం అయ్యేసరికి నాలుక అట్టముక్క అవుతోంది, అంతే.

బావగారి మాటలు మరిచిపోతానా అక్కా! మంచు యుగం వస్తోందని ఆయన చెప్పిన ఏడే కదా, వడదెబ్బకి మా కోళ్ళన్నీ చచ్చింది. "బావగారూ, ఆ మంచేదో ముందు పల్నాడుకి పంపించండి" అన్నాను. ఆయనకు కోపం వచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు నా అయిదుగురినీ తీసుకొచ్చి ఆ స్టేజీ మీద నిలబెడితే చర్చ అక్కడికక్కడే అయిపోతుంది. డెబ్భై అయిదులోనూ తిన్నారు, ఎనభై అయిదులోనూ తిన్నారు. చిన్నవాడైతే రెండు రూపాయల బియ్యం తెచ్చిన సంచీ వైపు చూసి, "ఇంకొంచెం పెద్ద సంచీ లేదా అమ్మీ?" అంటాడు.

వస్తే బాగుండునని నాకూ ఉంది గానీ ఈయన కదలడం లేదు. మోటారు విప్పుకుని కూర్చుని ఉంటే నీ ఉత్తరం సంగతి చెప్పాను. చేతిలో పానా పక్కన పెట్టి, "వదిన గూడా పోతందా ఆడికి?" అన్నాడు. పోతోందన్నాను. "ఎందుకంట? వద్దని రాయి. ఆ జనంలో యాడ కూచుంటది?" అని కసిరాడు. ఉపవాసం మీద ఉన్న మగవాడితో వాదించకూడదని ఊరుకున్నాను. నువ్వు మాత్రం వెళ్ళు. వెళ్ళి ఎవరు గెలిచారో రాయి. నేను హెడ్మాస్టరుగారి పక్షం. బావగారికి చెప్పకు.

నీ చెల్లెలు,
సయీదా

~

నరసరావుపేట,
6 జూన్ 1986.

సయీదా,

దీవెనలు రాద్దామంటే చెయ్యి కదలడం లేదు. నిన్న జరిగింది జరిగినట్టు రాస్తాను. రాస్తేనన్నా నాకు నమ్మకం కలుగుతుందేమో.

హాలు నిండిపోయింది. ముందు గోపాలకృష్ణయ్యగారు లేచారు. "డెబ్భై అయిదుకల్లా కోట్లమంది ఆకలికి మాడి చస్తారన్నారు. చచ్చారా? గోదాముల్లో చోటు చాలక ధాన్యం బస్తాలు బయట పెట్టి పట్టాలు కప్పుతున్నారు. మంచు యుగమన్నారు. మనూళ్ళో ఎవరన్నా స్వెట్టరు కొన్నారా? పెట్రోలు అయిపోయిద్దన్నారు. బయట ఆ మోటారు సైకిళ్ళేంది, నీళ్ళతో నడుస్తన్నయ్యా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వానే.

తర్వాత ఈయన. బాగా మాట్లాడారు, అబద్ధమెందుకు. అరవై ఆరు, అరవై ఏడుల్లో అమెరికా ఓడ వస్తే గానీ మనకు గోధుమ లేని సంగతి గుర్తు చేశారు. "జోస్యం తప్పలేదు, విన్నవాళ్ళు జాగ్రత్తపడ్డారు. కొత్త వంగడాలు వేశారు, సాగర్ నీళ్ళు తెచ్చారు, పిల్లల్ని తగ్గించుకున్నారు. అందుకే గండం గడిచింది" అన్నారు. హెడ్మాస్టరుగారు వదల్లేదు. "ఇల్లంటుకుంటదని అరిచావు. అంటుకోలా. నేను అరవబట్టే అంటుకోలేదంటన్నావు. ఇదేం తర్కం పాండురంగారావ్? సరే, అంత నమ్మినోడివి నువ్వేం చేశావు? పుస్తకాలు అమ్మటం తప్ప?"

జనం గొల్లుమన్నారు. ఈయన మొహం ఎర్రబడింది. మైకు గట్టిగా పట్టుకున్నారు.

"చేశాను! పెళ్ళయిన రెండో ఏడు, అరవై ఎనిమిదిలో, గుంటూరు పోయి ఆపరేషను చేయించుకున్నాను. ఒక్క బిడ్డయినా పుట్టకముందే చేయించుకున్నాను. ఈ దేశం మీద ఒక్క నోటి భారం కూడా వెయ్యలేదు నేను. ఇంకేం చెయ్యాలంటారు?"

ఆ తర్వాత, సయీదా, చప్పట్లు కొట్టారు. లేచి నిలబడి మరీ కొట్టారు. సుందరి నా మణికట్టు పట్టుకుంది. ముందు బెంచీల ఆడవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి తిరిగి నన్ను చూస్తుంటే, వీళ్ళు ఎవర్ని చూస్తున్నారా అని ఆయన తల ఎత్తారు. అప్పుడు కనపడ్డాను ఆయనకు.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. అరవై ఎనిమిదిలో ఒకరోజు గుంటూరు నుంచి కుంటుకుంటూ వచ్చారు. సైకిలు మీద నుంచి పడ్డానన్నారు. వారం రోజులు కాపడం పెట్టింది ఈ చేతులతోనే. లేడీ డాక్టరు "నీలో లోపం లేదమ్మా, మీ ఆయన్ని తీసుకురా" అంటే షాపు వదిలి రాలేనన్నారు. నీతో దర్గాకి వచ్చి దారం కట్టించుకున్నాను. తడిబట్టలతో కోటప్పకొండ మెట్లెక్కాను. నేను ఎక్కి దిగేదాకా ఆయన కింద నిలబడి నా చెప్పులకు కాపలా ఉన్నారే!

ఇప్పటిదాకా ఆయనతో ఒక్క మాట కూడా అనలేదు. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియడం లేదు.

లక్ష్మి

~

మాచర్ల,
12 జూన్ 1986.

అక్కా,

పండగ మర్నాడు వచ్చింది నీ ఉత్తరం. రెండుసార్లు చదివాను. మూడోసారి, పండక్కి వచ్చిన షాహిదా చేత చదివించుకున్నాను, నా కళ్ళే తప్పు చదివాయేమోనని. బావగారా? చీమ మీద కాలు పడితే విలవిల్లాడే మనిషా?

పట్టరాని కోపం వచ్చింది. నా బిడ్డల్ని ఒక్కొక్కరినీ నీ ఒళ్ళో వేసి, "నీకూ పుడతార్లే అక్కా" అనేదాన్ని. గోడకి అవతల నుంచి ఆయన వినేవాడు. ఎలా విన్నాడక్కా?

ఈయనకు కూడా చదివి వినిపించాను. సేమ్యా గిన్నె పక్కన పెట్టేసి చొక్కా తొడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి ఇంట్లో మాటా పలుకూ లేదు. బావగారంటే ప్రాణం కదా, తట్టుకోలేకపోతున్నాడేమో అనుకుంటున్నాను.

నువ్వు అన్నం మానకు. అడగాల్సింది అడుగు.

సయీదా

~

మాచర్ల,
16 జూన్ 1986.

అక్కా,

ఈ ఉత్తరం రాయకపోతే నేనూ వాళ్ళలో ఒకదాన్ని అవుతాను.

ఈయనకు తెలుసు. నిన్న పట్టుకుని అడిగితే చెప్పాడు. అప్పట్లో మీ పక్క షెడ్డులో పనిచేసేవాడు కదా, గుంటూరు తోడు వెళ్ళింది ఈయనేనట. "అన్న నాతో ఒకటే చెప్పాడు. మీ వదినకి తెలుసు, ఇద్దరం అనుకునే చేస్తన్నాం, ఆమె ముందర ఎత్తమాక, బాధపడుద్ది అన్నాడు. నేను నమ్మినా. ఇంత త్యాగం చేసిందే ఈ తల్లి అని చానా రోజులు వదిన ఎదురుపడితే తల దించుకుని పోయేవాణ్ణి" అన్నాడు.

"మరి నిజం ఎప్పుడు తెలిసింది?" అన్నాను. "మీరిద్దరూ దర్గాకి పోయొచ్చిన్నాడు. వదిన చేతికి దారం చూశా. ఎందుకు కట్టిందో నువ్వే చెప్పావు. ఆ రోజు తెలిసింది ఆమెకేం తెలవదని" అన్నాడు.

అక్కా, అది డెబ్భై ఒకటి. అప్పటి నుంచి నోరు మూసుకున్నాడు. మొన్న చర్చకి నిన్ను వద్దన్నది కూడా, అక్కడ ఆ మాట బయటపడుతుందేమోననేనట. "మొగుడూ పెళ్ళాల మధ్యన నేనెట్టా చెప్పేది?" అంటాడు. ఆయనకి అన్నం నా చేత్తో వడ్డించబుద్ధి కావడం లేదు. పిల్ల పెడుతోంది.

నువ్వు మా గుమ్మం తొక్కనన్నా నేను తప్పు పట్టను.

సయీదా

~

నరసరావుపేట,
8 జులై 1986.

చిరంజీవి సయీదాకు,

దీవెనలు. నీ గుమ్మం ఎందుకు తొక్కనే పిచ్చిదానా? నువ్వు రాసినందుకు నాకు కాస్త ఊపిరి ఆడింది.

అడిగాను. షాపులో ఎవరూ లేని వేళ వెళ్ళి, కస్టమర్లా ఎదురుగా నిలబడి అడిగాను. ఇంట్లో అడగలేకపోయాను.

"రెండేళ్ళు ఆగి చెబుదామనుకున్నాను లక్ష్మీ. డెబ్భై అయిదుకి కరువొస్తుందని రాసిన ఆ ఇంగ్లీషు పుస్తకం చదివి నాకు నిద్రపట్టేది కాదు. మన బిడ్డ ఆకలితో ఏడుస్తున్నట్టు కలలు వచ్చేవి" అన్నారు. అది అబద్ధం కాదు సయీదా, ఆ రోజుల్లో ఉలిక్కిపడి లేచేవారు. "మరి రెండో పెళ్ళి వద్దన్నది?" అన్నాను. తల వంచుకున్నారు. "రెండో ఆమెకి మాత్రం పిల్లలు పుడతారా?" అన్నారు.

అది విన్నాక పక్కనున్న నోటుపుస్తకాల కట్ట మీద కూర్చున్నాను. నా కోసం అమ్మని ఎదిరించాడనుకున్నానే! అత్తయ్య ఎన్ని మాటలన్నా ఆ ఒక్కటి తలుచుకుని దిగమింగుకున్నాను.

ఇంకో మాట అడిగాను. "కరువు రాదని ఎప్పుడు తెలిసింది మీకు?" చెప్పకుండా ఉండవలసింది, చెప్పారు. డెబ్భై నాలుగులోనే అనుమానం వచ్చిందట. డెబ్భై అయిదుకి రూఢి అయిందట. "జోస్యం తప్పిందని తెలిశాక ఇంకా చెప్పలేకపోయాను. నిజమై ఉంటే నీకు ముఖం చూపించగలిగేవాణ్ణి" అన్నారు. నాకప్పుడు ముప్ఫై ఏళ్ళు సయీదా. మద్రాసులో పిల్లలు పుట్టేలా మళ్ళీ ఆపరేషను చేస్తున్నారని ఆయన అమ్మే పత్రికల్లోనే రాసేవారు. మా తమ్ముడి రెండోవాణ్ణి పెంచుకుంటానని ఏడ్చింది ఆ సంవత్సరమే. "ఉన్నవాళ్ళం హాయిగా ఉన్నాం కదా" అన్నారు. కరువు రాదని తెలిసి కూడా అన్నారు. ఇంతమంది బతికి బట్టకట్టిన వార్త మా ఒక్క ఇంట్లో దాచిపెట్టారు.

చర్చలో ఎవరిది గెలుపని అడిగావు. నాకు తెలియదు. గోపాలకృష్ణయ్యగారు అన్నట్టు అవన్నీ కోతలే కావచ్చు, ఈయన అన్నట్టు హెచ్చరించబట్టే గట్టెక్కామేమో కూడా. ఇప్పుడేమో భూమి వేడెక్కుతుందంటున్నారు, అదీ నిజమే కావచ్చు. భయపడటం తప్పంటానా? ఆ భయం నాకూ చెబితే నేనూ భయపడేదాన్ని. ఆయన పక్కన కూర్చుని ఆ లెక్కలు వినేదాన్ని. ఒప్పుకునేదాన్నేమో కూడా! నన్ను అడగలేదు, అంతే.

ఇక ఊరి సంగతి విను. ఎవరో విలేఖరి "దేశం కోసం సంతానాన్ని వదులుకున్న ఆదర్శ దంపతులు" అని పేపర్లో వేశాడు. దంపతులట! ఆగస్టు పదిహేనున ఇద్దరికీ సన్మానమట. ఈయన వద్దనలేదు. అత్తయ్య సంగతి ఇంకా వింత. ఊరంతా అనుకుంటుంటే విని, "నా కొడుకు అట్టాంటి పని చేసే రకం కాదు. దీని గొడ్డుతనం కప్పిపెట్టటానికి అంత మాట తన మీద ఏసుకున్నాడు, మారాజు" అంటోంది. ఆయన ఎదురుగానే అంది. ఆయన పేపరు తిరగేస్తూ ఉండిపోయారు.

నేను దిగ్భ్రమ అంటే ఏమిటో ఇన్నాళ్ళకి తెలుసుకున్నాను. మొదటిది లైబ్రరీలో. ఇది అంతకు మించింది.

మీ అక్క,
లక్ష్మి

~

మాచర్ల,
17 జులై 1986.

అక్కా,

సలాములు. ఆ సన్మానానికి వెళ్ళకు. ఒంట్లో బాగా లేదని చెప్పి మా ఇంటికి వచ్చెయ్యి. ఆ శాలువా నీ భుజాన పడితే మళ్ళీ ఎప్పటికీ నోరు తెరవలేవు. అందరూ ఫోటోలు తీసుకున్నాక నిజం చెబితే నిన్నే తప్పుబడతారు.

కింద ఈయన రాస్తానంటున్నాడు. ఆయన తెలుగు రాత నీకు తెలుసుగా, ఓర్చుకుని చదువు.

సయీదా

వదినా, హబీబ్. ఆ రోజు దారం చూసినప్పుడే చెప్పాల్సింది. అన్న మీద గౌరవం అనుకున్నా. ఇప్పుడు ఆలోచిస్తే గౌరవం కాదు, పిరికితనం. సన్మానానికి పోతే పో, పోకపోతే పోవద్దు. ఎవురన్నా నువ్వు అబద్ధం చెప్తన్నావంటే నాకు కబురు చెయ్యి. గుంటూరు తీసకపోయింది నేనేనని వచ్చి మైకులో చెప్తా.

~

నరసరావుపేట,
18 ఆగస్టు 1986.

చిరంజీవి సయీదాకు,

లక్ష్మక్క దీవెనలు. వెళ్ళాను. నీ మాట విననందుకు కోప్పడకు.

జెండా ఎగరేశాక, పిల్లలకు పిప్పరమెంటు బిళ్ళలు పంచాక, మమ్మల్ని స్టేజీ మీదికి పిలిచారు. అత్తయ్య కొత్త చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. సన్మానపత్రం చదివారు. "సహధర్మచారిణి అంగీకారంతో" అని అందులో ఉంది. ఆ మాట దగ్గర ఈయన నేల చూపులు చూశారు. శాలువా తెచ్చి నా మీద కప్పబోతుంటే చేత్తో ఆపాను. గోపాలకృష్ణయ్యగారే అధ్యక్షులు. "రెండు మాటలు చెప్పమ్మా" అని మైకు నా వైపు వంచారు, నేను సిగ్గుపడుతున్నాననుకుని.

నాకు ఉపన్యాసం ఎక్కడ వచ్చే! అయినా చెప్పాను. "ఇది నాకు రాదండీ. నేనేమీ వదులుకోలేదు. నాకు మొన్న జూన్ అయిదో తారీకు దాకా తెలియదు. మీరందరూ ఎప్పుడు విన్నారో నేనూ అప్పుడే విన్నాను. అంతకు ముందు దాకా గుళ్ళకీ దర్గాలకీ తిరిగాను" అన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పిల్లలు కూడా బిళ్ళలు నమలడం ఆపారు. ఆయన వైపు తిరిగి, "మీ అమ్మగారు ఎదురుగా ఉన్నారు. లోపం నాదని ఇంకా అనుకుంటున్నారు. ఆవిడకొక్క మాట చెప్పండి" అన్నాను.

లేచారు. మైకు దగ్గరికి రాలేదు. ఉన్నచోటు నుంచే, "లక్ష్మిది కాదమ్మా. నేనే చేయించుకున్నా. దానికి తెలవదు" అన్నారు. గొంతు చిన్నపిల్లవాడిలా వచ్చింది. నాకు జాలి వేసింది సయీదా. వేసింది గానీ కూర్చోమని చెప్పలేదు.

గోపాలకృష్ణయ్యగారు శాలువా మడతపెట్టి బల్ల మీద పెట్టి, నాకు నమస్కారం చేశారు. "ఆ రోజు చర్చలో గెలవాలన్న పంతంతో నేనట్టా రెచ్చగొట్టకపోతే…" అని ఆగిపోయారు. "రెచ్చగొట్టకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు మాస్టారూ" అన్నాను.

రిక్షాలో నేనూ అత్తయ్యా వచ్చాం. ఆయన నడిచి వస్తానన్నారు. ఇల్లు వచ్చినా ఆవిడ దిగలేదు. రిక్షావాడు రెండుసార్లు పిలిచాడు. అప్పుడు నా చెయ్యి పట్టుకుంది.

"గొడ్రాలన్నానే నిన్ను. శుభకార్యాలకి ముందు రావొద్దన్నా. సీమంతాలకి పోతంటే గుమ్మంలో ఆపా. అన్నన్నిసార్లు అంటంటే ఆడు పక్కనే కూచుని ఇంటా ఉన్నాడే! ఒక్కసారన్నా, 'అమ్మా, అనమాక' అనలేదే! నా చేత ఇంత పాపం చేయించాడే!" అని, డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, బజారులో అందరూ చూస్తుండగా నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను అలా ముట్టుకోవడం అదే మొదటిసారి. నా ఏడుపు కూడా అప్పుడే వచ్చింది, రెండు నెలల నుంచి రానిది.

ఆయన సంగతి ఇంకా తేల్చుకోలేదు. ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆయనే వండుకుంటున్నారు, పప్పు మాడుతోంది. క్షమించమని అడిగారు. ఎప్పటికైనా అంటానేమో, ఇప్పుడు మాత్రం ఆ మాట నోటికి రాదని చెప్పాను. కొన్నాళ్ళు ఈ ఇంటికి దూరంగా ఉండి ఆలోచించుకోవాలి.

శనివారం రైలుకి మాచర్ల వస్తున్నాను. సంచీ సర్దుకుంటుంటే అత్తయ్య వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఆణ్ణి చూస్తా నేనిక్కడ ఒక్కదాన్నే ఉండలేను. నేనూ వస్తా. సాయిబుల ఇంట్లో నా వంట నేనే చేసుకుంటా, ఒక కుంపటి చూసి పెట్టమని రాయి" అంది. ఆవిడ నీళ్ళు విడిగా పెట్టాలి, కోళ్ళు మంచం దగ్గరికి రాకూడదు, పిల్లలు గట్టిగా నవ్వితే కసురుతుంది. నీకు చాలా కష్టం. అయినా తీసుకొస్తున్నాను.

హబీబ్‌ని స్టేషనుకి ఒంటరిగా రమ్మను. మరిదిని తిట్టాల్సింది చాలా ఉంది. ఇంటికి వచ్చాక పిల్లల ముందు తిడితే బాగుండదు. ప్లాట్‌ఫారం మీదే తిట్టేసి, ఆ తర్వాత అతని చేతికే సంచీ ఇస్తాను.

మీ అక్క,
వెంకటలక్ష్మి